చీర మీది చీటీ

సూరత్ దగ్గరి బార్డోలీలో మా మేనత్త కొడుకు ఇంటి ముందుగదిని ఎవరూ ముందుగది అనరు, "ప్యాకింగ్" అంటారు. గోడ పొడవునా చీరల దొంతరలు, బల్ల మీద చిన్న థర్మల్ ప్రింటరు, దాని పక్కన టేపు చుట్టలు. సాయంత్రం కొరియర్ కుర్రాడు వచ్చేలోపు ఆర్డర్లన్నీ కవర్లకెక్కాలి. నేను వెళ్లిన రోజు మాత్రం ప్రింటరు చప్పుడు లేదు. అతను సరుకు పెట్టే ఆన్‌లైన్ అంగడి వాళ్లు పన్నెండు రకాల చీరల్ని రాత్రికి రాత్రి తెర మీంచి దించేశారు. లేబుల్ వివరాలు సరిపోలడం లేదన్నారు, అంతే.

"చీర మంచిగుంది, రేటు మంచిగుంది. చీటీల ఏముంటది బావా?" అన్నాడు.

వాళ్ల తాత నల్లగొండ జిల్లాలో గుంటమగ్గం మీద నేసినవాడు. తండ్రి సూరత్ వచ్చి లింబాయత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. అలా తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు సూరత్‌లో ఎన్ని ఉంటాయంటే, అక్కడి నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మూడో తరానికి వచ్చేసరికి ఇతను సాంచాలు కూడా వదిలేశాడు. కడోదరా దాటి బార్డోలీలో ఇల్లు తీసుకుని, మిల్లు చీరలు తెచ్చి, అంచులకు లేసు కుట్టించి ఫోన్‌లో అమ్ముకుంటున్నాడు.

దొంతరలోంచి ఒక చీర తీసి చూశాను. పారదర్శకమైన కవరు, లోపల తళతళలాడే కార్డు. దాని మీద ఒక సినీతార పోలికలున్న అమ్మాయి బొమ్మ, బంగారు అక్షరాల్లో "ప్రీమియం పోచంపల్లి సిల్క్", కింద ఎమ్మార్పీ 2,499, చివర "సూరత్". చీటీ అంటే అంతే. సైట్లో అదే చీరకు ఎమ్మార్పీ 1,999 అని ఉంది. తయారీదారు గడిలో ఇతని దుకాణం పేరుంది, బట్ట నేసిందీ అద్దకం వేసిందీ ఇతను కాకపోయినా.

ప్యాకెట్ కట్టి అమ్మే సరుకు మీద ఏం రాయాలో మన దేశంలో చెప్పేది తూనికలు కొలతల శాఖ. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, దాని కింద 2011లో వచ్చిన ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు దానికి ఆధారం. తయారుచేసిన వాళ్లదో, ప్యాక్ చేసిన వాళ్లదో, దిగుమతి చేసుకున్న వాళ్లదో పేరు, పూర్తి చిరునామా ఉండాలి. సరుకును జనం పిలిచే మామూలు పేరు, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర రాయాలి. ఫిర్యాదు చేయడానికి ఫోను, ఈమెయిలు, బయటి దేశం సరుకైతే ఆ దేశం పేరు కూడా తప్పవు. కిలోకో గ్రాముకో ఎంత పడుతుందో చెప్పే యూనిట్ ధర తర్వాత చేరింది. ఒక్క చీరే ఉన్న ప్యాకెట్‌కు ఆ బాధ లేదు, రెండు ధరలూ ఒకటే కనక.

ఇందులో చిరునామా దగ్గరే సూరత్ వ్యాపారం తికమక పడుతుంది. ముడిబట్ట, అంటే అక్కడివాళ్లు గ్రే అనేది, ఒకరి సాంచా మీద నేస్తారు. ప్రింటు ఇంకో ప్రాసెస్ హౌసులో. లేసు ఇళ్లలో ఆడవాళ్లు కుడతారు. కవరులో పెట్టేది నాలుగోవారు. మరి "తయారీదారు" ఎవరు? తయారీదారు, ప్యాకర్ వేర్వేరైతే ఇద్దరి పేర్లూ రాయమంటుంది నిబంధన. మా వాడు నిజానికి ప్యాకర్. ప్యాకర్‌గా నమోదు కూడా చేసుకోవాలి, ప్యాకింగ్ మొదలెట్టిన 90 రోజుల్లోగా, 500 రూపాయల రుసుముతో. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. కొరియర్ కవరు మీది స్టిక్కర్లో తన చిరునామా ఉంది కదా, చాలదా అన్నాడు. చాలదు. అది పార్సిల్ దారి చెప్పే చీటీ. సరుకు చీటీ లోపలి ప్యాకెట్ మీద ఉండాలి.

తర్వాత టేపు తెప్పించాను. సైట్లో "చీర 5.5 మీటర్లు, బ్లౌజు 0.8 మీటరు" అని ఉంది. మేనత్త ఒక కొస పట్టుకుంది, నేనొక కొస. మొదటి చీర 5.28 వచ్చింది. రెండోది 5.31. మూడోది మాత్రం 5.5కి నాలుగు వేళ్లు ఎక్కువే. మిల్లులో తాకాను, అంటే బట్ట చుట్టను, కోసేటప్పుడు జరిగే చేతివాటం ఇది. చీర కట్టుకునే ఆమెకు కుచ్చిళ్లలో ఒకటి తగ్గితే వెంటనే తెలుస్తుంది. తిరిగొచ్చిన పార్సిళ్లలో కొన్నింటి మీద "పొడుగు చాలలేదు" అని ఉండటం అతనికి గుర్తొచ్చింది. అప్పట్లో దాన్ని కొనేవాళ్ల సాకు అనుకున్నాడట.

కాగితం మీది లెక్క నేల మీద లేకపోతే ఏమవుతుందో బార్డోలీకి ఒకరు చెప్పాలా? 1928లో ఈ తాలూకా రైతులు వల్లభ్‌భాయ్ పటేల్ వెనక నిలిచి శిస్తు కట్టం అన్నది 22 శాతం పెంపు మీద. ఆ పెంపుకు ఆధారమైన కౌలు లెక్కలు నమ్మదగినవి కావని తర్వాత జరిగిన బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ విచారణే తేల్చింది. పెంపు 6 శాతం దగ్గరికి దిగింది. చీర కొలతకీ శిస్తుకీ పోలికేమిటని మీరు నవ్వొచ్చు. టేపు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు తోచింది మాత్రం అదే.

ధర సంగతి. ఎమ్మార్పీ కంటే తక్కువకు అమ్మడం తప్పు కాదు, ఎక్కువకు అమ్మడమే నేరం. కానీ ఒకే చీరకు చీటీ మీద ఒక ఎమ్మార్పీ, తెర మీద ఇంకొకటి ఎందుకుంటుంది? "80 శాతం తగ్గింపు" అని కనిపించడానికి ముందు కొండంత ధర వేసి, పండగ అమ్మకాలప్పుడు సైట్లో దాన్ని మార్చి, కార్డు మార్చడం మరిచిపోతారు. పోనీ కార్డు మీద స్టిక్కర్ అంటిద్దామంటే ధర పెంచడానికి అంటించకూడదు. తగ్గించడానికి అంటించవచ్చు, అయితే కింది పాత ధర కనిపిస్తూనే ఉండాలి. ఈ చిన్న షరతు పెట్టినవారెవరో బజారును బాగా ఎరిగినవారు.

2018 జనవరి 1 నుంచి ఈ చీటీ తెర మీదకు కూడా వచ్చింది. ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలన్నీ, నెల సంవత్సరం మినహా, ఆన్‌లైన్‌లో కొనేముందే కనపడాలి. నెలకు మినహాయింపు ఎందుకో ఊహించవచ్చు: ఒకే పేజీ మీద ఎన్నో విడతల సరుకు అమ్ముడవుతుంది. వివరాలు కనపడేలా చూడటం సైటు పని. అవి నిజమా కాదా అన్నదానికి మాత్రం, సైటు కేవలం మధ్యవర్తి అయితే, బాధ్యత అమ్మకందారుది, తయారీదారుది. అందుకే అనుమానం రాగానే సైటు వాళ్లు ఫోను కూడా చేయకుండా పేజీ దించేస్తారు. అది అన్యాయమని మా వాడి ఉక్రోషం. ముందు ఒక మాట చెప్పి ఉండాల్సిందని నాకూ అనిపించింది.

పక్క వీధిలో బెల్లం అమ్మేవాళ్లతో పోలిస్తే ఇతని పని సుఖమే. బార్డోలీ చుట్టూ చెరకు తోటలు, ఊళ్లో పెద్ద సహకార చక్కెర ఫ్యాక్టరీ. తినే సరుకు అమ్మాలంటే ఫుడ్ సేఫ్టీ సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా తినాలో ఆ తేదీ అన్నీ అదనం.

ఇక అసలు చిక్కు. చీటీలో లేని వాటికంటే ఉన్న రెండు మాటలే ఎక్కువ ప్రమాదం: "పోచంపల్లి", "సిల్క్". అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లకు చూపించాం. నిజమైన పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, చిదిపితే పొడయ్యే బూడిద మిగులుస్తుంది. ఇది ముడుచుకుని కరిగి నల్లటి గట్టి పూస అయింది. పాలిస్టరు. అసలు పట్టుకు గుర్తుగా కేంద్ర పట్టు బోర్డు 2004లోనే సిల్క్ మార్క్ తెచ్చింది. అది లేకుండానూ పట్టు అమ్మవచ్చు, పాలిస్టరును పట్టు అని మాత్రం అమ్మకూడదు. అమెరికాలోనూ 2022లో కోల్స్, వాల్‌మార్ట్ దుకాణ సంస్థలు రేయాన్ బట్టను వెదురు బట్టగా ప్రచారం చేసి అమ్మినందుకు ఇద్దరూ కలిపి 55 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవలసి వచ్చింది. రేయాన్ తయారీలో వెదురు గుజ్జు వాడినా సరే, రేయాన్ అనే రాయాలన్నది అక్కడి వాణిజ్య కమిషన్ మాట.

"పోచంపల్లి" ఇంకా బరువైన మాట. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో నేసినవాళ్లదే ఆ పేరు. వేరే సరుకుకు అదే పేరు తగిలించి అమ్మితే 1999 నాటి చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. "ఇక్కత్" అనేది పద్ధతి పేరు, ఏ ఊరి సొత్తూ కాదు. "ఇక్కత్ డిజైన్ ప్రింట్" అంటే నిజం చెప్పినట్టే. సూరత్ జరీకి కూడా ఇలాంటి గుర్తింపే ఉంది. ఎక్కడో ఇత్తడి తీగ చుట్టి సూరత్ జరీ అని అమ్మితే ఊరుకుంటావా అని అడిగితే మా వాడు మాట్లాడలేదు.

మేనత్త మాత్రం చీరను వెనక్కి తిప్పింది. చెంగు లోపలి వైపు రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది. ఇక్కత్‌లో నూలును ముందే కట్టలు కట్టి అద్దుతారు, తర్వాత నేస్తారు. అందుకే పువ్వు అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి, రంగు రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది. "మీ తాత అద్దింది ఇట్లనా ఉండె?" అంది కొడుకుతో, చీర మడత పెడుతూ.

రెండు రోజుల్లో కొత్త చీటీ తయారైంది. బొమ్మ లేదు. మామూలు అక్షరాల్లో "పాలిస్టర్ చీర, ఇక్కత్ డిజైన్ ప్రింట్", కొలత 5.25 మీటర్లు, ఒకే ఎమ్మార్పీ, వీధి పేరుతో సహా చిరునామా. తెర మీద కూడా అక్షరం తేడా లేకుండా అదే. పన్నెండిట్లో పది పేజీలు తిరిగొచ్చాయి.

అమ్మకాలు తగ్గాయని నెల తర్వాత ఫోన్ చేశాడు. "పోచంపల్లి అని కొట్టి చూడు బావా" అన్నాడు. కొట్టాను. మొదటి వరసలోనే 389 రూపాయల చీర, "ప్యూర్ పోచంపల్లి సిల్క్" అని. అమ్మేవారి ఊరు సూరత్. ఫొటోలు ఏడు ఉన్నాయి, దగ్గరగా చూడటానికి జూమ్ కూడా ఉంది. వేలితో ఎంత జరిపినా ఆ చీర వెనక వైపు మాత్రం ఒక్కదాంట్లోనూ కనపడలేదు.