లారీ డీజిలులోని దోషమును గుర్తించు విధము

షోలాపురమున మనవారు నేసిన దుప్పట్లు, తువ్వాళ్లు లారీలలో దూరపు బజారులకు పోవుచున్నవి. దారిలో ఇంజను దగ్గుచు నిలిచినచో వెంటనే దానిని విప్పింపరాదు. ముందు ట్యాంకి అడుగును పరీక్షింపవలెను.

నీరు డీజిలుకంటె బరువైనది గనుక అడుగున చేరును. ట్యాంకి సగము ఖాళీగా నున్నచో రాత్రి చల్లదనమునకు గాలిలోని తేమయే నీరగును. రెండు ట్యాంకీలున్న యెడల ఒక్కొక్కదాని అడుగునుండి వేరువేరు గాజుసీసాలలో డీజిలు పట్టి, కదల్పక ఉంచవలెను. మంచి డీజిలు తేటగా నుండును. మసకగా నున్నను, క్రింద నీరు నిలిచినను దోషమున్నట్లే. నల్లని జిగురు సూక్ష్మజీవులు పెరిగిన గుర్తు. కిరసనాయిలు కల్తీ కంటికి కనబడదు. దానికి సాంద్రత పరీక్ష కావలెను.

చెడిన డీజిలు తీసివేసి, ట్యాంకి కడిగి, ఫిల్టరు మార్చిన పిదపనే ఇంజను నడుపవలెను. లేనిచో పంపు, ఇంజెక్టర్లు పాడగును. పోగు ఎచ్చట తెగెనో చూచిన తరువాతనే గదా నేతగాడు ముడివేయును!