నర్సమ్మ నోటుపుస్తకం

పత్తి చేలకు మందు కొట్టే రోజుల్లో మేము ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి వెళ్ళాము. మా సంఘపెద్ద ఒకాయన భార్యకు ఆపరేషన్ అయితే పరామర్శించడానికి వెళ్ళినవాళ్ళమే గాని, పత్రికకు వ్యాసం వ్రాద్దామని వెళ్ళలేదు. వరండా నిండా జనం. డాక్టరుగారు ఒక్కరే. ఒక మూల మంచాల మీద ముగ్గురు కూలివాళ్ళు వాంతులు చేసుకొని నీరసంగా పడుకొని ఉన్నారు. వారి దగ్గరున్న నర్సమ్మ సెలైన్ సరిచూచి, కళ్ళలోకి టార్చిలైటు వేసి చూచి, తరువాత తన సంచిలోనుండి బడిపిల్లలు వాడే రూళ్ళ పుస్తకం ఒకటి తీసింది.

"తాతా, నువ్వు పంపు మోసి కొట్టావా, డ్రమ్ములో మందు కలిపావా?"

"కలిపాను తల్లీ. కొట్టింది మా అల్లుడు. వాడు బాగానే ఉన్నాడు."

"చేత్తోనే కలిపావా?"

"కర్ర విరిగిపోయింది. ఇంకేం చేసేది?"

"ఏ మందు?"

"ఏమోనమ్మా. ఎర్ర డబ్బా. కొట్లో ఇచ్చారు."

ఆమె అదంతా వ్రాసుకున్నది. మేము ఆశ్చర్యపడి ఆ పుస్తకం అడిగి చూచాము. ఆరు సంవత్సరాలుగా, పంట కాలమందల్లా, మందు పడక వచ్చిన ప్రతివారి వివరాలు అందులో ఉన్నాయి. వయస్సు, ఊరు, చేసిన పని, మందు పేరు తెలిస్తే మందు పేరు, బ్రతికారా లేదా. ఆమె అనుమానం ఏమిటంటే, పంపు మోసేవారికన్న నీళ్ళు తెచ్చి మందు కలిపేవారే ఎక్కువ ప్రమాదంతో వస్తున్నారని.

ఈ అనుమానం నిజమో కాదో మాకు తెలియదు. ఆమెకూ తెలియదు. కలిపే పని ముసలివారికి ఇస్తారు గనుక, వయస్సు చేతనే వారికి జబ్బు ముదురుతూ ఉండవచ్చు. లేదా కొద్దిగా కళ్ళు తిరిగినవారు ఆసుపత్రికే రాకపోవడం వలన లెక్క అలా కనబడుతూ ఉండవచ్చు. అది తేల్చుకొనడానికే పరిశోధన అని పేరు. "మరి తేల్చలేదెందుకు సిస్టర్‌గారూ?" అని అడిగితే ఆమె నవ్వి, "ఎవరు తేలుస్తారండీ? డాక్టరుగారికి అన్నం తినే తీరికే లేదు. నేనేమో నర్సును" అన్నది. ఆ రెండో మాట మమ్మును చాలా రోజులు వెంటాడింది.

పరిశోధన అనగానే మనకు పెద్ద పట్నమూ, గాజు సీసాలూ, పరాయి దేశమూ గుర్తుకు వస్తాయి. కాని రోగి మంచం ప్రక్కన కూర్చున్నవారు మొదట కనిపెట్టిన సంగతులు ఎన్నో ఉన్నాయి. వారికి ఎదురైన అడ్డంకులూ ఇటువంటివే. మన సికింద్రాబాదులో జరిగిన సంగతే చూడండి.

రోనాల్డ్ రాస్ సైన్యంలో పనిచేసే వైద్యుడు. మలేరియాను దోమలు వ్యాపింపజేస్తాయేమో చూడమని లండనులోని పాట్రిక్ మాన్సన్ చెప్పగా, 1895లో సికింద్రాబాదు వచ్చి ఆ పని మొదలుపెట్టాడు. పరిశోధన చేయుమని ప్రభుత్వం ఆయనకు జీతమివ్వలేదు. పటాలములోని సిపాయిలకు వైద్యం చేయడం ఆయన ఉద్యోగం. దోమల సంగతి ఆయన సొంత తీరికలో, సొంత సూక్ష్మదర్శినితో, సొంత ఖర్చుతో. వేలు గుచ్చి రక్తపుబొట్టు తీయబోతే జనం భయపడి పారిపోయేవారు. పని కుదుటపడుతుండగానే ఆ ఏడే కలరా పనిమీద బెంగుళూరు వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది. తిరిగి సికింద్రాబాదు చేరేసరికి 1897 వచ్చింది.

ఆ వేసవి ఎలాంటిదో మన ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఆయన పంకా లేకుండానే కూర్చునేవాడు. నుదుటి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టులో హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున కూలి తీసుకొని, దోమలచేత కుట్టించుకున్నాడు. అందులో ఒకదాని పొట్ట గోడలో రాస్ ఆగస్టు 20న తాను వెదకుతున్నది చూచాడు. మరుసటి రోజు ఇంకొక దోమలో అదే మరింత పెరిగి కనిపించింది. ఆ దోమల సంతతి పెంచి, వాటితో పని పూర్తి చేయాలని ఎంతో ఆత్రపడ్డాడు.

సెప్టెంబరులో మళ్ళీ బదిలీ. ఈసారి రాజపుటానాలోని ఖేర్వాడా. అక్కడ మలేరియా రోగులు దొరకడమే కష్టం. చేతికి అందిన పండు నోటికి అందకుండా చేసిన ఆ ఉత్తర్వు వ్రాసిన అధికారికి దుర్బుద్ధి ఏమీ ఉండి ఉండదు. ఆయన కాగితంలో రాస్ ఒక వైద్యాధికారి, ఖేర్వాడాలో ఒక ఖాళీ; అంతే. మాన్సన్ లండనులో పెద్దలను పట్టుకొని బ్రతిమాలితే గాని రాస్‌కు 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధన చేసే అవకాశం రాలేదు. అక్కడా మనుష్యుల మలేరియా అనుకున్నంత దొరకక, పిట్టల మలేరియాతో పని చేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులలోకి చేరుతుందని జూలైలో తేల్చాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు వచ్చినది పది అణాలు. బేగంపేటలో రాస్ పేరిట భవనం ఉన్నది గాని, దోమల క్రింద చేయి పెట్టినవాని పేరు మనలో ఎందరికి తెలుసు?

తేలు సంగతి మరొకటి. ఎర్రతేలు కుడితే పిల్లలు తెల్లవారేసరికి ఎలా పోతారో మెట్ట ప్రాంతపు తల్లులకు తెలుసు. మహారాష్ట్రలో కొంకణ్ ప్రాంతాన మహద్ దగ్గర బీర్వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి 1976లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే యువ వైద్యుడు వచ్చాడు. తేలు కుట్టి ఊపిరితిత్తులలో నీరు చేరి చనిపోయేవారు ఆ ప్రాంతంలో నూటికి నలభైమంది వరకు ఉండేవారు. ఆయన రోగులను వదలక కూర్చొని చెమట, నాడి, రక్తపుపోటు వ్రాసుకున్నాడు. 1982లో ఆ లక్షణాలను 'లాన్సెట్' అనే ఇంగ్లండు వైద్య పత్రిక ప్రచురించింది. తరువాత ప్రాజోసిన్ అనే బి.పి. మాత్ర ఇచ్చి చూడగా మరణాలు క్రమేణా నూటికి ఒకటికి దిగాయి. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఒక పల్లె ఆసుపత్రిలో, పేరుపొందిన ప్రయోగశాల లేకుండా!

అయితే బావస్కర్‌గారు చేయగలిగారు గనుక అందరూ చేయవచ్చు గదా అనడం న్యాయం కాదు. ఒక్కడు ఈది దాటాడని ఏటికి వంతెన వద్దంటామా? 2005 నుండి 2014 వరకు పది సంవత్సరాలలో మన దేశంలోని 579 వైద్య సంస్థలు ఎన్ని పరిశోధన వ్యాసాలు ప్రచురించాయో ఢిల్లీకి చెందిన సమీరన్ నుండీగారు, ఆయనతోటి వైద్యులు లెక్కించారు. 332 సంస్థలనుండి ఒక్కటీ లేదు. డాక్టర్లను తయారుచేసే కాలేజీల సంగతే ఇది. అలాంటప్పుడు చిన్న ఆసుపత్రిని ఏమనగలము?

మేము తరువాత మరికొందరు డాక్టర్లతో, నర్సులతో మాట్లాడాము. తీరిక లేకపోవడం అందరూ చెప్పినదే. మాకు క్రొత్తగా తోచినది మరొకటి: కాగితాల దరిద్రం. కేసుషీటులో "వృత్తి" అన్నచోట అందరికీ "కూలి" అని ఉంటుంది. అదే ఊళ్ళో అదే ఇంటిపేరుతో ముగ్గురు మరియమ్మలు ఉంటే ఎవరి కాగితం ఎవరిదో తెలియదు. పాత కట్టలు అటక మీద చెదలు తింటాయి. ఇందులో మన పాపమూ లేకపోలేదు. ఆసుపత్రి చీటీ మన ఇళ్ళలో ఎన్నాళ్ళుంటుంది? మాలో ఒకరి ఇంట్లో నాన్నగారి గుండెజబ్బు కాగితాలలో పప్పు పొట్లాలు కట్టారని తెలిసి నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు.

మరి నేర్పేవారేరి? నర్సింగు చదువులో పరిశోధన ఒక పాఠంగా ఉన్నది. పరీక్ష వ్రాసి మరచిపోతారు. లెక్కలు ఎలా కట్టాలి, ఎంతమందిని చూస్తే ఒక మాట ధైర్యంగా చెప్పవచ్చు అన్నది వార్డులో చెప్పేవారు ఉండరు. వ్రాయవలసినది ఇంగ్లీషులో. వ్రాసినా, కొన్ని పత్రికలు వ్యాసం వేసుకొనడానికి వ్రాసినవారినే డబ్బు అడుగుతాయి. మెడికల్ కాలేజీలలో ప్రమోషనుకు వ్యాసాలు కావాలన్న నిబంధన ఉన్నది గాని, దానివలన తెలుసుకోవాలన్న ఆశకంటె లెక్క నింపాలన్న తొందర ఎక్కువైనదని ఒక పెద్ద డాక్టరుగారు వాపోయారు. అన్నిటికన్న, నర్సు ఒక సంగతి గమనించానంటే వినే అలవాటు మన ఆసుపత్రులలో తక్కువ. రోగి ప్రక్కన రాత్రంతా ఉండేది ఆమె. ప్రశ్న అడిగే హక్కు మాత్రం రౌండ్లకు వచ్చేవారిది!

ఇక అనుమతుల మాట. మనుష్యులమీద ఏ పరిశోధన చేయాలన్నా నైతిక కమిటీ ఒప్పుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల ప్రకారం అందులో 7 నుండి 15 మంది ఉండాలి; వైద్యులే కాక న్యాయం తెలిసినవారు, సామాన్యులు కూడ ఉండాలి. చిన్న ఆసుపత్రికి ఇది భారమే. "ఈ కమిటీలే అడ్డం" అని విసుగుకొన్నవారూ ఉన్నారు. మేము వారితో పూర్తిగా ఏకీభవించలేకపోయాము. కారణం చెప్పుతాము.

2009 జూలైలో ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండా ఇచ్చే టీకాను 10 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఒక ప్రాజెక్టు క్రింద వేశారు. చాలామంది గిరిజనుల పిల్లలు, హాస్టళ్ళలో ఉండేవారు. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చింది. 2010 ఏప్రిల్‌లో పని ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, నేడు లోకమంతటా వాడుతున్నారు. కాని అడగకుండా వేసినందుకు పార్లమెంటు సంఘం 2013లో గట్టిగా తప్పు పట్టింది. ఆ ఊళ్ళలో ఆ తరువాత తెల్లకోటు వేసుకొని కాగితం పట్టుకొని వెళ్ళే ఏ మంచి నర్సుకైనా తలుపు తీస్తారా? ఒకరు చేసిన తొందర తరువాతివారందరికీ అడ్డమై నిలుస్తుంది.

అందుచేత కంచె వేరు, దారిలో పడేసిన ముళ్ళకంప వేరు అని మాకు తోస్తున్నది. రోగికి తన భాషలో చెప్పడం, వద్దన్నా వైద్యం ఆపకపోవడం, మధ్యలో మానుకొనే స్వేచ్ఛ ఇవ్వడం కంచె. అది చేనును కాపాడుతుంది. నర్సమ్మ పుస్తకంలాంటి దానికి, అంటే ఎవరికీ క్రొత్త మందు ఇవ్వకుండా పేర్లు దాచి లెక్క చూచే పనికి, కమిటీ త్వరగా చూచి పంపే వీలు నియమాలలోనే ఉన్నది. ఆ వీలు ఉన్నదని చిన్న ఆసుపత్రులలో తెలియకపోవడం, తెలిసినా వారానికి ఒక పూట తీరిక ఇవ్వకపోవడం, పని పట్టాలెక్కగానే బదిలీ చేయడం - ఇవి ముళ్ళకంపలు. వీటిని తీసివేస్తే ఏ రోగికీ నష్టం లేదు.

ఆసుపత్రులు నడిపే సంఘాలు వార్షిక సమావేశాలలో మంచాల లెక్క, కట్టడాల లెక్క చదువుతాయి. మేమూ ఎన్నోసార్లు విని చప్పట్లు కొట్టాము. ఈ సంవత్సరం మీ ఆసుపత్రి ఏమి క్రొత్తగా తెలుసుకున్నది అని మేము ఒక్కసారైనా లేచి అడగలేదు.

మొన్న సంక్రాంతి ముందు మళ్ళీ ఆ ఆసుపత్రికి వెళ్ళాము. డాక్టరుగారు శనివారం సాయంత్రం ఒక గంట ఆ పుస్తకానికి ఇస్తున్నారట. దగ్గరి పట్నంలో కాలేజీలో ఉన్న ఆయన స్నేహితురాలు లెక్కల సంగతి చూస్తానని, తమ కమిటీకి కాగితాలు పెడతానని అన్నారట. ఇంకా ఏమీ తేలలేదు. మేము మాట్లాడుతుండగా ఆ ముసలాయన అల్లుడు ఎవరినో ఆటోలో తెచ్చి, రోగిని దించకముందే జేబులోనుండి ఒక తడి కాగితం తీసి నర్సమ్మకు అందించాడు. మందు డబ్బా మీది లేబులు. మొత్తం చింపకుండా, పేరు కనబడేట్లు ఊడదీసి తెచ్చాడు.