కాళ్లతో కలచిన నీళ్లు

లింగాల ఘనపూర్ లాంటి మెట్ట ప్రాంతపు పల్లెల్లో వాగు పారిందంటే ఊరంతటికీ పండుగే. కానీ జనగామను ఆనుకొని ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలో ఏడాది పొడవునా పారే నదిని చూసి జనం ముక్కు మూసుకుంటున్నారు. ఆ నది మూసీ.

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో మూసీ తేటగానే పుడుతుంది. 1908 సెప్టెంబరులో అది పొంగి వేలమంది ప్రాణాలు తీసింది. మళ్లీ అలాంటి ఆపద రాకూడదని 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఆ నీళ్లే దశాబ్దాలపాటు హైదరాబాదు దాహం తీర్చాయి. మేలు పొందిన నగరం నదికి తిరిగి ఇచ్చింది మాత్రం మురుగు, చెత్త, ఫ్యాక్టరీల వ్యర్థాలు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం కట్టినా నది తేటపడలేదు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, హైదరాబాదు నుండి నల్లగొండ వరకు మూసీని దేశంలో అత్యంత కలుషితమైన నదీ భాగాల వరుసలో చేర్చింది.

బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ వైపు వెళితే కత్వల దగ్గర తెల్లని నురగ కనిపిస్తుంది. నాటు వేసే కూలీల కాళ్లకు, చేతులకు దురద, పుండ్లు. బావుల్లో, బోర్లలో నీళ్లున్నా తాగలేరు. చేపల మీద బతికినవారికి వల వేసే పని తగ్గిపోయింది. అయినా రైతు ఆ నీటిని విడువలేడు, ఎండాకాలంలోనూ అతని వరికి, పశువుల గడ్డికి దొరికేవి అవే నీళ్లు. ఆ పంట, ఆ గడ్డి మేసిన గేదె పాలు తిరిగి నగరానికే చేరుతున్నాయి. నదిలో బాప్తిస్మమిచ్చే సంఘాలు మనకెన్నో ఉన్నాయి. ఈ నీళ్లలోకి ఏ కాపరి తన విశ్వాసిని దించగలడు?

యెహెజ్కేలు 34వ అధ్యాయంలో దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తాడు. అవి తేట నీళ్లు తాగాయి. అది తప్పు కాదు. తాగిన తర్వాత మిగిలిన నీటిని కాళ్లతో కలచాయి. వెనక వచ్చిన బక్క గొర్రెలకు ఆ బురదే దిక్కయింది. ఎగువన తాగినవారు దిగువవారి గురించి ఆలోచించకపోవడాన్ని దేవుడు చిన్న పొరపాటుగా చూడలేదు, తీర్పుకు తగిన అన్యాయంగా చూశాడు.

తన పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగాడు. మన ఇంటి మోరీ నీళ్లు ఎవరి పొలంలోకి చేరతాయో వాడే మన పొరుగువాడు. మనం వాడి ముఖం ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు, కానీ మనం పారబోసిన ప్రతిదీ వాడికి చేరుతూనే ఉంది.

యెరికో పట్టణపువారు తమ నీళ్లు మంచివి కావని మొరపెట్టినప్పుడు ఎలీషా కడవల దగ్గర ఆగలేదు. నేరుగా నీటి ఊట దగ్గరికి వెళ్లాడు. రోగం పుట్టిన చోటే బాగుచేయాలి. దిగువ పల్లెకు తాగునీటి డబ్బాలు పంచడం మంచి పనే. అయితే మురుగు బయలుదేరే చోట మనం మారకపోతే ఆ దానం సగమే.

కాబట్టి కాలం చెల్లిన మందులను, వాడిన నూనెను మోరీలో పోయడం మానుదాం. క్రిస్మస్ విందుల్లో ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు లేకుండా చూసుకుందాం. మన వీధి మురుగు శుద్ధి అవుతోందా, నేరుగా నదిలో పడుతోందా అని సంఘంగా వెళ్లి అధికారులను అడుగుదాం. 1974 నుండి ఈ దేశంలో నీటి కాలుష్య నివారణ చట్టం ఉంది. అడిగేవారు లేని చట్టం కాగితం మీదే ఉండిపోతుంది. నగరపు సంఘాలు ఒక ఆదివారం మూసీ ఒడ్డు పల్లెలో ఆరాధించి, ఆ సహోదరుల కష్టం కళ్లారా చూసి రావాలి.

మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన పాపం కూడా మన ఊరి పొలిమేరలో ఆగదు. మన ప్రేమ కూడా అక్కడ ఆగకూడదు.