కార్తెల నక్షత్రాలు – తారల జీవితదశలు: హైదరాబాద్ ఆకాశం

1. ప్రస్తావన

తెలుగు రైతు వానల రాకను కార్తెలతో లెక్కిస్తాడు. సూర్యుడు ఒక నక్షత్రంలో సంచరించే సుమారు 14 రోజుల కాలమే కార్తె. అందువల్ల చాలా నక్షత్రాలు తమ కార్తెలో కనిపించవు. మే, జూన్ నెలల్లో కార్తెలుగా వచ్చే కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర జనవరి, ఫిబ్రవరి నెలల రాత్రి తొలిజాములో ఆకాశంలో స్పష్టంగా నిలుస్తాయి. తారల జనన, పరిణామ, మరణ దశలకు ఈ నాలుగింటి పరిసరాల్లోనే ఉదాహరణలున్నాయి. ఆ దశలను వివరించి, హైటెక్ సిటీ ఆకాశంలో వాటిలో ఏవి మిగిలాయో చెప్పడం ఈ వ్యాస లక్ష్యం.

2. జననం

తారల నడుమ చల్లని వాయువు, ధూళి మేఘాలుగా వ్యాపించి ఉంటాయి. మేఘంలోని దట్టమైన భాగం తన గురుత్వం వల్ల తానే కుంచించుకుపోతూ వేడెక్కుతుంది. కేంద్రంలో ఉష్ణోగ్రత సుమారు కోటి డిగ్రీలకు చేరినప్పుడు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారతాయి. ఆ శక్తితో తార వెలుగుతుంది. మృగశిరకు దక్షిణాన, సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఓరియన్ నీహారికలో ఈ ప్రక్రియ నేటికీ సాగుతోంది. కృత్తికలు సుమారు 10 కోట్ల సంవత్సరాల వయసుగల తారల గుంపు. తారల లెక్కలో ఇది బాల్యమే.

3. పరిణామం

లోపలికి లాగే గురుత్వం, బయటికి నెట్టే పీడనం సమతూకంలో ఉన్నంతకాలం తార నిలకడగా ఉంటుంది. సుమారు 460 కోట్ల సంవత్సరాల వయసున్న సూర్యుడిది ఈ దశ. కేంద్రంలో హైడ్రోజన్ అయిపోయినప్పుడు కేంద్రం కుంచించుకుపోగా, పై పొరలు ఉబ్బి చల్లబడి ఎర్రబారతాయి. రోహిణి అటువంటి అరుణ మహాతార. దాని ద్రవ్యరాశి సూర్యునికంటే కొద్దిగానే ఎక్కువ. వ్యాసం మాత్రం 40 రెట్లకు పైమాటే. సూర్యుని భవితవ్యానికి అది నమూనా.

4. మరణం

మరణవిధానాన్ని ద్రవ్యరాశి నిర్ణయిస్తుంది. సూర్యుని వంటి తార పై పొరలను విడిచి, భూమి అంత పరిమాణంగల శ్వేత కుబ్జతారగా మిగులుతుంది. లుబ్ధకుని జంటతార అటువంటిదే. ఆరుద్ర వంటి భారీ తారలో సంలీనం ఇనుము వరకు సాగుతుంది. ఇనుము సంలీనం శక్తినివ్వదు. కేంద్రం కూలి, తార సూపర్‌నోవాగా పేలుతుంది. 1054లో చైనా పరిశీలకులు నమోదు చేసిన పేలుడు శేషమే వృషభరాశిలోని క్రాబ్ నీహారిక. దాని నడుమ న్యూట్రాన్ తార సెకనుకు సుమారు 30 సార్లు తిరుగుతోంది. మాదాపూర్ గ్రానైట్ బండల్లోనూ కంప్యూటర్ చిప్‌లలోనూ ఉన్న సిలికాన్ ప్రధానంగా ఇటువంటి పేలుళ్ల ద్వారానే అంతరిక్షంలో వ్యాపించింది.

5. హైదరాబాద్ ఆకాశం

1901లో స్థాపితమైన నిజామియా వేధశాల బేగంపేట నుండి అంతర్జాతీయ తారాపట్టిక కోసం 7 లక్షలకు పైగా తారల స్థానాలను నమోదు చేసింది. నగరం విస్తరించాక, 1960ల చివర 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా జపాల్–రంగాపూర్ వద్ద నెలకొల్పారు. నేటి ఐటీ కారిడార్ దీపకాంతిలో మొదట మరుగయ్యేది మసక వెలుగుగల నీహారిక, ఆపై కృత్తికలు. రోహిణి, ఆరుద్ర మాత్రం నిలుస్తాయి. అంటే ఇక్కడి విద్యార్థికి తారల వార్ధక్యం కనిపిస్తుంది, జననం కనిపించదు.

6. ముగింపు

కార్తెల పేర్లు తెలుగు నాలుకపై నేటికీ సజీవంగా ఉన్నాయి. వాటి వెనుక ఉన్న ఆకాశమే కనుమరుగవుతోంది. దీపాల వెలుగును నేలవైపుకే మళ్లిస్తే ఈ నష్టంలో కొంత పూడుతుంది. కార్తెలను బోధించే తెలుగు తరగతి ఆ నక్షత్రాలను కూడా చూపగలిగితే, పదానికి దాని అర్థం తిరిగి దక్కుతుంది.