పౌలుకు చేరని ప్రశ్నలు

కొరింథు సంఘం పౌలుకు ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఎవరికీ దొరకలేదు. దొరికింది జవాబే. క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసు నుంచి వెళ్లిన ఆ జవాబునే మనం మొదటి కొరింథీ పత్రిక అంటున్నాం. పెళ్లి చేసుకోవాలా వద్దా, విశ్వాసి కాని భర్తతో కాపురం చెయ్యొచ్చా లాంటి ప్రశ్నల పక్కనే అందులో మాంసం సంగతీ ఉంది. గుడిలో బలి ఇచ్చిన జంతువులో ఒక వాటా దేవతకు పోయేది, ఒక వాటా పూజారికి, మిగిలింది విందుకూ బజారుకూ. కటికవాని అంగడిలో కొన్న ముక్క ఏ బలిపీఠం మీదుగా వచ్చిందో కొన్నవాడికి తెలిసే దారి లేదు. దాన్ని క్రైస్తవుడు తినొచ్చా?

షేర్ మార్కెట్టు, చీటీపాట, సంతాన సాఫల్య చికిత్స, ఇలా బైబిల్లో పేరెత్తని ఏ విషయం వచ్చినా పాస్టర్లూ వేదాంత పండితులూ ముందుగా ఈ కటిక అంగడికే వెళతారు. వెళ్లినవాళ్లలో చాలామంది ఒక్క ముక్క మాత్రం పట్టుకుని తిరిగొస్తారు. కొందరికి 'తినొచ్చు' అన్నది దొరుకుతుంది. కొందరికి 'సహోదరుడికి అభ్యంతరమైతే వద్దు' అన్నది దొరుకుతుంది. ఎవరి చేతిలో ఏది ఉందో చూస్తే వాళ్లు వెళ్లకముందే ఏం నిర్ణయించుకున్నారో అర్థమవుతుంది.

నిజానికి ఈ మాంసం ప్రశ్నకు జవాబు అప్పటికే ఉంది. విగ్రహాలకు అర్పించినవి ముట్టవద్దని యెరూషలేములో పెద్దలు కూర్చుని తీర్మానించారని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చెబుతుంది. ఆ సభలో పౌలు కూడా ఉన్నాడు. తీర్మానం కాపీని అంతియొకయకు మోసుకెళ్లినవాళ్లలో ఆయనా ఒకడు. ప్రధాన కార్యాలయం సర్క్యులర్ చేతిలో ఉండగా, దాని ఊసెత్తకుండా అదే విషయం మీద మూడు అధ్యాయాలు రాసే ఉద్యోగి ఉంటాడా? పౌలు ఉన్నాడు. ఆయన ఎందుకలా చేశాడో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అటుపైన ప్రకటన గ్రంథం ఇదే తిండి విషయంలో పెర్గము, తుయతైర సంఘాలను గట్టిగా మందలిస్తుంది. అంటే వాక్యం మౌనంగా ఉన్నచోటే కాదు, మాట్లాడినచోట కూడా ఒకే గొంతు వినిపించని సందర్భాలు ఉన్నాయన్నమాట.

పౌలు జవాబును తీరిగ్గా చదవాలి. 'విగ్రహం ఉత్తదే, కాబట్టి మాంసం ఉత్త మాంసమే' అని కొరింథులో తెలిసినవాళ్లు వాదించారు. పౌలు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, మీ తెలివి పక్కవాడి విశ్వాసాన్ని కూల్చేస్తే దానివల్ల లాభమేమిటని అడిగాడు. ఆ తర్వాత ఒకే మాంసానికి వేర్వేరు చోట్ల వేర్వేరు జవాబులిచ్చాడు. గుడి భోజనశాలలో కూర్చుని తినొద్దు. అంగడిలో అమ్మేదాన్ని ఏమీ అడక్కుండా కొనుక్కోండి. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి. కానీ అక్కడ ఎవరైనా ఇది బలి మాంసమని చెబితే ఆపండి, మీ మనస్సాక్షి కోసం కాదు, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. కొరింథులో అస్క్లేపియస్ గుడికి ఆనుకుని ఉన్న భోజనశాలలు పురాతత్వ తవ్వకాల్లో బయటపడ్డాయి. బంధువుల విందుకో, వ్యాపార మిత్రుల పిలుపుకో అక్కడికి వెళ్లకపోతే మొహం చాటేసినట్టే అయ్యేది. కాబట్టి పౌలు మాట పుస్తకాల్లో తేల్చుకునే సిద్ధాంతం కాదు, కొందరికి చేతిలో ఉన్న బేరం పోగొట్టే మాట.

ఎనిమిది, పది అధ్యాయాల్లో మాంసం ఉంటే మధ్యలోని తొమ్మిదో అధ్యాయంలో పౌలు ఉన్నట్టుండి తన జీతం గురించి మాట్లాడతాడు. సువార్త చెప్పేవాడికి సంఘం తిండి పెట్టాలి, అది నా హక్కు, అయినా మీ దగ్గర తీసుకోలేదు అంటాడు. దారి తప్పి వేరే విషయంలోకి వెళ్లాడని అనుకుని చాలామంది ఈ అధ్యాయాన్ని దాటేసి మళ్లీ మాంసం దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం మొత్తం వాదానికి ఇరుసు ఇక్కడే ఉందనిపిస్తుంది. హక్కు ఎవరిదో ఆ హక్కును వదులుకునే ఖర్చు కూడా వాళ్లదే. కొరింథులో గుడారాలు కుట్టుకుని బతికిన మనిషి ఈ మాట చెబుతున్నాడు. బలహీనుడి కోసం బలవంతుడు తన పళ్లెంలోది తీసి పక్కన పెట్టాలి. బలహీనుడి పళ్లెంలోది బలవంతుడు లాక్కోవడం గురించి ఆయన ఎక్కడా చెప్పలేదు.

ఈ సలహా మన ఊళ్లలో ఎలా పనిచేస్తుందో ప్రసాదం దగ్గర తెలుస్తుంది. అడక్కుండా తినండి అన్నాడు పౌలు. కానీ అపార్ట్‌మెంట్లో పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చి, "అక్కా, సత్యనారాయణ వ్రతం ప్రసాదం" అని అడక్కుండానే చెప్పేస్తుంది. కొరింథు విందులో ఎవడో చెవిలో ఊదే మాట ఇక్కడ గుమ్మంలోనే వినబడుతుంది. అయితే ఆవిడ ఎవరి మనస్సాక్షినీ పరీక్షించడానికి రాలేదు, ప్రేమతో వచ్చింది. కొందరు విశ్వాసులు మర్యాదగా వద్దంటారు, కొందరు తీసుకుని తింటారు. తీసుకుని, తినకుండా, వాచ్‌మన్‌కు ఇచ్చేవాళ్లు ఇంకొందరు. వాచ్‌మన్ మనస్సాక్షి గురించి పౌలు ఏమీ రాయలేదు.

ఇక్కడ బలహీనుడు ఎవరన్నది తేల్చుకోవాలి. పౌలు దృష్టిలో వాడు నిన్నటిదాకా ఆ గుడిలోనే ఉన్నవాడు. ఆ మాంసం మళ్లీ ముడితే పాత భయమూ పాత భక్తీ వాడిని వెనక్కి లాగేస్తాయి. నలభై ఏళ్లుగా ముందు బెంచీలో కూర్చుంటూ, పాటకు గిటారు వాయిస్తే "నాకు అభ్యంతరం" అనే పెద్దాయన ఈ లెక్కలోకి రాడు. ఆయన విశ్వాసానికి వచ్చిన ముప్పేమీ లేదు. ఇబ్బంది పడింది ఆయన అభిరుచి. బలహీన సహోదరుడి పేరు మీద సంఘాల్లో పెట్టిన నిషేధాల్లో చాలా వాటి వెనుక ఉన్నది ఇలాంటి గట్టి మనుషులే.

ఒకే పని ఒకచోట సరైనదీ ఇంకోచోట తప్పూ కావడానికి పౌలే సాక్ష్యం. లుస్త్రలో కలిసిన తిమోతికి, ఆ ప్రాంతపు యూదుల దృష్ట్యా, ఆయన సున్నతి చేయించాడు. తీతు విషయంలో అదే సున్నతి చేసి తీరాలని కొందరు పట్టుబడితే ససేమిరా అన్నాడు. అడ్డు తొలగడానికైతే పరవాలేదు, రక్షణకు షరతుగా పెడితే కుదరదు అన్నది తేడా. తిమోతి అభిప్రాయం ఎక్కడా నమోదు కాలేదు.

పదహారో శతాబ్దంలో జర్మనీలో ఇదే తర్కం మళ్లీ అవసరమైంది. 1548లో చక్రవర్తి ఐదో ఛార్లెస్, లూథర్ అనుచరుల మీద కొన్ని పాత ఆచారాలను తిరిగి రుద్దాడు. అవి అటూ ఇటూ కాని విషయాలే కదా, సర్దుకుపోదామన్నాడు లూథర్ సహచరుడు మెలాంక్తన్. కత్తి చూపించి చేయిస్తున్నప్పుడు ఏదీ అటూ ఇటూ కాని విషయం కాదన్నాడు ఇంకో లూథరన్ పండితుడు ఫ్లాసియస్. 1577 నాటి లూథరన్ విశ్వాస పత్రం ఫార్ములా ఆఫ్ కాంకర్డ్ ఈ విషయంలో ఫ్లాసియస్ వైపే మొగ్గింది.

అంతకన్నా సరదా కథ జ్యూరిక్‌ది. 1522లో తపస్సుకాలంలో, మాంసం నిషేధమున్న రోజుల్లో, క్రిస్టోఫ్ ఫ్రోషౌయర్ అనే ముద్రాపకుడి ఇంట్లో పనివాళ్లు సాసేజీలు తిన్నారు. పని ఒత్తిడి ఎక్కువగా ఉంది, ఒట్టి అంబలితో గడవదన్నది ఆయన సంజాయిషీ. వాళ్లు అచ్చు వేస్తున్నది పౌలు పత్రికలు. అక్కడే ఉన్న జ్యూరిక్ సంస్కర్త ఉల్రిచ్ జ్వింగ్లీ ముక్క ముట్టలేదు కానీ, కొద్ది రోజులకే తిండి విషయంలో క్రైస్తవుడికి స్వేచ్ఛ ఉందని ప్రసంగించి, ఆ ప్రసంగాన్ని అచ్చు వేయించాడు. వాక్యం నిషేధించనిదాన్ని మనుషులు నిషేధించకూడదన్నది వాదన. తర్వాత ఆరాధన దగ్గరికి వచ్చేసరికి అదే జ్వింగ్లీ వాక్యం ఆజ్ఞాపించనిది ఉండకూడదన్నాడు, జ్యూరిక్ చర్చీల్లో ఆర్గన్లు మూగబోయాయి. ఆయన స్వయంగా ఎన్నో వాద్యాలు వాయించగల సంగీతజ్ఞుడు. లూథర్ ఆరాధనలో కూడా నిషేధం లేనిదాన్ని ఉండనిచ్చాడు. వాక్యం మౌనాన్ని ఒకరు అనుమతిగా చదివారు, ఒకరు తాళంగా చదివారు. నేటికీ డ్రమ్స్ ఉండాలా వద్దా అని తెలుగు సంఘాలు చీలుతున్నప్పుడు రెండు పక్షాలూ, తెలియకుండానే, ఆ స్విస్, జర్మన్ తగువునే కొనసాగిస్తున్నాయి.

ఈ మౌనం మన నేల మీద అన్నిటికన్నా కఠినంగా ఎదురైంది ఒంగోలులో. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో 3.5 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కూలివాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి పుస్తకం తన చేతిలో ఉండగా, ఆకలితో ఉన్న మనిషి చెప్పే 'అవును' ఎంత స్వేచ్ఛగా వచ్చిందో తెలియదన్నది ఆయన సందేహం. ఈ ఆలస్యానికి బైబిల్లో ఆధారం లేదు. ఉన్న ఉదాహరణలన్నీ ఎదురు చెబుతాయి: ఐతియొపీయుడైన నపుంసకుడికి దారిలోనే బాప్తిస్మం, ఫిలిప్పీ చెరసాల అధికారికి ఆ రాత్రే. పైగా రేపటికి బతికుంటానో లేదో తెలియని మనిషికి తర్వాత రమ్మని చెప్పడం చిన్న మాటేమీ కాదు. అయినా క్లౌ ఆపాడు. బాప్తిస్మమే రక్షణ అని నమ్మని బాప్టిస్టు కాబట్టి ఆపగలిగాడు కూడా. అదే చోట ఒక కతోలిక గురువు ఉంటే లెక్క వేరేగా ఉండేది. సహాయం పనులు ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి.

క్లౌ చేసింది సరైనదనే నాకు అనిపిస్తుంది. అధికారం ఆయన వైపు ఉంది, దాన్ని వాడుకోకుండా వెనక్కి తగ్గింది కూడా ఆయనే. సంఖ్య పెద్దదైతే స్వదేశంలో చందాలు సులువుగా వచ్చే రోజుల్లో ఆయన సంఖ్యను ఆపుకున్నాడు. ఇది తొమ్మిదో అధ్యాయపు పద్ధతి.

కానీ అదే క్లౌ మాదిగ విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని వద్దు, విగ్రహారాధన వద్దు, చచ్చిన పశువు మాంసం వద్దు. మూడోదానికి ద్వితీయోపదేశకాండం 14లో ఆధారం ఉన్నట్టే కనబడుతుంది. తీరా చదివితే, ఇశ్రాయేలీయుడు తినకూడదు, మీ ఊళ్లో ఉన్న పరదేశికి ఇవ్వొచ్చు అని ఉంటుంది. ఒంగోలు రైతుకూలీ ఆ లెక్కలో పరదేశే అవుతాడు. నియమానికి అసలు కారణం సామాజికం: ఆ మాంసంలో వాటా అంటే ఊరి వెట్టికి ముద్ర. ముద్ర చెరిపెయ్యాలన్న ఉద్దేశం మంచిదే. అయితే ఊరి చచ్చిన గొడ్డును మోసి, తోలు తీసి, ఆ మాంసంతో పిల్లలకు పెట్టేవాడికి ఆ నియమం ఒక పూట భోజనంతో సమానం. ఆదివారం పని మానినందుకు కరణం కోపాన్ని భరించాల్సింది కూడా వాడే. బాప్తిస్మం ఆపినప్పుడు ఖర్చులో కొంతైనా నియమం పెట్టినవాడి మీద పడింది. ఇక్కడ మొత్తం పాటించేవాడి మీదే పడింది. ఒకే మనిషి, ఒకే సంఘం, రెండు పద్ధతులు.

ఖర్చు ఎవరి మీద పడుతుందన్న ఈ తేడా చూసుకుంటూ పోతే ఆధునిక ప్రశ్నలు కూడా కొంచెం నిలకడగా కనిపిస్తాయి. గర్భనిరోధం మీద 1930లో ఆంగ్లికన్ బిషప్పులు లాంబెత్ సభలో, కొన్ని సందర్భాల్లో, తలుపు తెరిచారు. కతోలిక సంఘం అదే ఏడాది మూసి, 1968లో హ్యుమానే వీతే అనే పోపు లేఖతో మళ్లీ గడియ పెట్టింది. అందరిదీ ఒకే బైబిలు. ప్రకృతి ధర్మాన్ని కూడా వాక్యం పక్కన సాక్షిగా పిలిచేవాళ్లకు ఒక తీర్పు వచ్చింది, పిలవనివాళ్లకు ఇంకో తీర్పు.

ఐ.వి.ఎఫ్. దగ్గర పక్షాలు ఇంకా స్పష్టంగా విడిపోతాయి. దంపతుల కలయిక నుంచి గర్భధారణను వేరు చేస్తుందని 1987లో వాటికన్ ఈ పద్ధతినే కాదంది. ప్రొటెస్టంట్లలో చాలామందికి చికిత్స మీద అభ్యంతరం లేదు. మిగిలిపోయిన పిండాల దగ్గరే వాళ్ల మనసు ఆగిపోతుంది. 2021 నాటి భారత చట్టం ప్రకారం పిండాలను పదేళ్ల వరకే నిల్వ ఉంచొచ్చు. ఆ తర్వాత నశించనివ్వాలి, లేదా దంపతులు పరిశోధనకు ఇవ్వాలి. గుంటూరు క్లినిక్‌లో ఫారం నింపుతూ ఒక జంట తమ పాస్టరుగారికి ఫోన్ చేస్తే, చెప్పడానికి ఆయన దగ్గర వచనం ఉండదు. కొందరు పాస్టర్లు ఒక మధ్యే మార్గం చెబుతారు: గర్భసంచిలో పెట్టేటన్ని పిండాలే తయారు చేయించుకోండి, మిగల్చవద్దు. మనస్సాక్షికి అది శుభ్రంగా ఉంటుంది. కానీ మొదటిసారి నిలవకపోతే నిల్వలో ఏమీ ఉండదు కాబట్టి సూదిమందులూ అండాల సేకరణా మళ్లీ మొదటి నుంచి జరగాలి. ఆ సూదులు పాస్టరుగారికీ పడవు, భర్తకూ పడవు. ఈ విషయం మీద సంఘానికి ఒక నియమం ఉండాలని పెద్దల కమిటీ కూర్చున్నప్పుడు, చాలా సంఘాల్లో, సూదులు పొడిపించుకునే మనిషికి ఆ గదిలో కుర్చీ ఉండదు.