ఒక్కపొద్దు, నాలుగు నిమిషాల కసరత్తు: షిఫ్టు కార్మికుల బరువు మీద అపోహలు – వాస్తవాలు

జిన్నారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొంతపల్లి, బొల్లారం. మందులూ రసాయనాలూ తయారయ్యే ఈ వాడల్లో షిఫ్టు బస్సెక్కితే చాలు, ఎవరో ఒకరి ఫోన్‌లో బరువు తగ్గే వీడియో నడుస్తుంటుంది. పదహారు గంటలు ఏమీ ముట్టుకోవద్దు, మిగిలిన ఎనిమిది గంటల్లోనే తినాలి, రోజుకు నాలుగు నిమిషాలు ఒళ్లు వంచి ఎగిరి దూకితే నెలలో పొట్ట మాయం అని చెప్తుంటారు. వినేవాళ్లకు అవసరం కూడా నిజంగానే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 30.1 శాతం, మగవాళ్లలో 32.3 శాతం ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు.

ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్‌లోనూ, హై ఇంటెన్సిటీ వ్యాయామంలోనూ నిజం ఉంది. అది ఎంతవరకో చెప్పకుండా, రాత్రి డ్యూటీ చేసేవాళ్లకూ షుగరు మాత్ర వేసుకునేవాళ్లకూ ఒకే మంత్రం బోధించడం మాత్రం తప్పు.

అపోహ: పదహారు గంటలు కడుపు మాడ్చుకుంటే, తర్వాత ఏం తిన్నా బరువు తగ్గుతారు

ఈ మాటను శాస్త్రవేత్తలు పరీక్షకు పెట్టి చూశారు. అమెరికాలో 2020లో వెలువడిన ప్రయోగంలో 116 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 మధ్యనే తినాలి, ఎంత తినాలన్న నియమం లేదు. రెండో జట్టు రోజుకు మూడు పూటలా తినాలి. పన్నెండు వారాల తర్వాత ఉపవాసం ఉన్నవాళ్లు సగటున 0.94 కిలోలు తగ్గారు, మూడు పూటలా తిన్నవాళ్లు 0.68 కిలోలు. ఈ రెండింటికీ తేడా ఉందని చెప్పలేం. పైగా ఉపవాసం ఉన్నవాళ్లు తగ్గిన బరువులో కండ కూడా చెప్పుకోదగ్గంత ఉంది.

చైనాలోని గ్వాంగ్‌జౌలో ఊబకాయం ఉన్న 139 మందితో ఏడాది పాటు చేసిన మరో ప్రయోగం 2022లో వచ్చింది. ఇందులో రెండు జట్ల వాళ్లూ తిండి తగ్గించారు. ఒక జట్టు ఆ తగ్గించిన తిండిని కూడా ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినేసింది. వాళ్లు 8 కిలోలు, ఇవతలి వాళ్లు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల లెక్కలో ఇదీ తేడా కిందికి రాలేదు. రెండు జట్లలోనూ బరువు బాగా తగ్గడానికి కారణం తక్కువ తినడమే.

మరి ఉపవాసంతో తగ్గినవాళ్లు ఎలా తగ్గారు? రాత్రి ఎనిమిది తర్వాత నోరు కట్టేసుకుంటే మిర్చి బజ్జీ, మిక్చరు, పడుకునే ముందు తాగే తీపి పాలు వాటంతట అవే ఆగిపోతాయి. గడియారం చూసి తినడం కొందరికి క్యాలరీలు లెక్కపెట్టడం కంటే తేలిక. అలాంటివాళ్లకు ఈ పద్ధతి మంచిదే.

ఒక్కపొద్దు మనకేం కొత్త కాదు. శ్రావణ సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు, రంజాన్ రోజాలు ఏళ్ల తరబడి పాటిస్తూ కూడా బరువు పెరిగినవాళ్లు ప్రతి ఇంట్లో కనిపిస్తారు. పగలంతా పస్తుండి సాయంత్రం నూనెలో వేగిన ఆలుగడ్డ, నెయ్యి దట్టించిన సగ్గుబియ్యం కిచిడీ, పండ్లు, పాయసం తింటే ఆదా చేసిందంతా ఒక్క పూటలో తిరిగి వచ్చేస్తుంది. నూనె గానీ నెయ్యి గానీ గ్రాముకు 9 క్యాలరీలు. వంద గ్రాముల బియ్యం వండుకుంటే సుమారు 350. మన కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదన్నాయి. ఎన్ని గంటలు తినలేదన్న లెక్క కంటే అన్నం ఎంత, పప్పు ఎంత, గుడ్డు ఉందా, కూర ఉందా అన్న లెక్క ముఖ్యం.

అపోహ: మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గాను, కొవ్వు కరిగిపోతోంది

అందులో ఎక్కువ భాగం నీళ్లు. కాలేయంలో సుమారు వంద గ్రాములు, కండరాల్లో దానికి కొన్ని రెట్లు పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముకూ కనీసం మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరు మూత్రంలో పోతుంది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొబ్బరినూనె ఆహార పద్ధతి తెలుగు ఊళ్లన్నింటా మోగినప్పుడు మొదటి వారం అంకెలు అందర్నీ అంతగా ఆకట్టుకోవడానికి ఇదొక కారణం. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీల లోటు కావాలి. వారానికి అరకిలో తగ్గితే సంతోషించాలి.

అపోహ: నైట్ డ్యూటీ వాళ్లు పగలంతా నిద్రలోనే ఉంటారు, అదే ఉపవాసం

సీ షిఫ్టు మనిషి రోజును ఒకసారి దగ్గరగా చూద్దాం. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో అన్నం తిని బస్సెక్కుతాడు. ఒంటిగంటకు క్యాంటీన్‌లో మళ్లీ భోజనం. మూడింటికి కునుకు ఆపుకోవడానికి చక్కెర దిట్టంగా వేసిన చాయ్, బిస్కెట్లు. ఆరింటికి గేటు బయట బండి దగ్గర పూరీ, రెండు మైసూరు బజ్జీలు. ఏడున్నరకు పడుకుంటే ఎండకూ, చప్పుళ్లకూ, పిల్లల గోలకూ పన్నెండింటికే మెలకువ. రెండింటికి పప్పన్నం, ఆరింటికి మళ్లీ చాయ్. ఇరవై నాలుగు గంటల్లో నోటికి విరామం దొరికింది ఆ కొద్దిపాటి నిద్రలోనే. ఇందులో ఉపవాసం ఎక్కడుంది?

రాత్రిపూట తిన్న తిండిని మన ఒళ్లు పగటి తిండిలా సంభాళించుకోలేదు. బోస్టన్ పరిశోధకులు 2021లో 19 మంది ఆరోగ్యవంతుల చేత ప్రయోగశాలలో నైట్ డ్యూటీ లాంటి దినచర్య పాటింపజేశారు. రాత్రి కూడా తిన్నవాళ్ల రక్తంలో చక్కెర 6.4 శాతం పెరిగింది. అలాగే రాత్రంతా మేలుకుని, తిండి మాత్రం పగలే తిన్నవాళ్లలో పెరగలేదు.

ఒడిశాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన శాస్త్రవేత్త సచ్చిదానంద పాండా బృందం శాన్‌డియాగోలో 24 గంటల డ్యూటీలు చేసే 137 మంది అగ్నిమాపక సిబ్బందితో పనిచేసింది. 2022లో వచ్చిన ఆ ప్రయోగంలో పెట్టిన నియమం పదహారు గంటల పస్తు కాదు, రోజు తిండినంతా పది గంటల్లో ముగించడం. బరువు పెద్దగా తగ్గలేదు. అయితే అప్పటికే బీపీ, షుగరు ఎక్కువున్నవాళ్లలో అవి కొంత దిగివచ్చాయి. డ్యూటీ మానకుండానే ఇది సాధ్యమైంది. జిన్నారం కార్మికుడికి పనికొచ్చే ఆధారం నా దృష్టిలో ఇదే.

ఆచరణలో ఎలాగంటారా? డ్యూటీకి బయల్దేరే ముందు, ఎనిమిదిన్నరకల్లా గుడ్డో పప్పో కూరో దండిగా ఉండేలా భోజనం ముగించండి. రాత్రి నీళ్లు, పల్చటి మజ్జిగ, చక్కెర లేని చాయ్. ఆకలి ఆగకపోతే ఉడికించిన శనగలు గుప్పెడు. ఇంటికొచ్చాక రెండు మూడు ఇడ్లీలు తిని పడుకోండి. రాత్రి పది గంటల విరామం దొరికినట్టే. బస్తాలు, డ్రమ్ములు మోసేవాళ్లు, వేడి దగ్గర పనిచేసేవాళ్లు నీళ్లు తగ్గించుకునే ఉపవాసం జోలికే పోవద్దు.

నిద్ర మాట కూడా చెప్పాలి. ఆరున్నర గంటలకంటే తక్కువ నిద్రపోయే 80 మందిని మరో గంటకు పైగా నిద్రపోనిస్తే రోజుకు సగటున 270 క్యాలరీలు తక్కువ తిన్నారని 2022లో చికాగోలో తేలింది. ఎవరూ వాళ్లకు తిండి తగ్గించమని చెప్పలేదు. గదికి మందపాటి పరదా కట్టుకోవడం బరువు తగ్గే ప్రయత్నంలో భాగమే.

అపోహ: షుగరున్నవాళ్లకు ఉపవాసమే మందు

ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తిండి ఉన్నా లేకున్నా చక్కెరను దించుతూనే ఉంటాయి. మాత్ర వేసుకుని పూట మానితే ముందు చెమటలు, వణుకు, గుండెదడ. తర్వాత మాట తడబడుతుంది, స్పృహ తప్పవచ్చు. ఇంట్లో మంచం మీదైతే ఎవరో ఒకరు చూసుకుంటారు. రియాక్టర్ పక్కన ఇనుప మెట్ల మీదో, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూనో ఉంటే? లక్షణాలు మొదలవగానే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకు మళ్లీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డాపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్రలతో ఇంకో ముప్పుంది. తిండి బాగా తగ్గించి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోతే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రమాదం కావచ్చు. రంజాన్‌లో రోజా ఉండదలచిన షుగరు రోగులు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలిసి మాత్రల మోతాదు, వేళలు మార్పించుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలున్నాయి. యూట్యూబ్ ఉపవాసానికీ అదే జాగ్రత్త వర్తించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిది నిండనివాళ్లు, టీబీ మందులు వాడుతున్నవాళ్లు, ఇప్పటికే బక్కచిక్కినవాళ్లు అసలు ఈ దారిన పోవద్దు.

అపోహ: ఉపవాసంతో ఒంట్లోకి పోయిన కెమికల్స్ బయటికి పోతాయి

బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందన్న నమ్మకం లాగే ఇప్పుడు ఈ మాట వినిపిస్తోంది. దీనికి ఆధారంగా చూపే ప్రక్రియ, అంటే కణాలు తమలోని పాత సరుకును తామే కరిగించి వాడుకోవడం, దాని మీద పరిశోధనకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజం. ఆయన పని ప్రధానంగా ఈస్ట్ కణాల మీద. పీల్చిన ద్రావకాలు పదహారు గంటల పస్తుతో బయటికి పోతాయని ఆయన చెప్పలేదు. వాటిని బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు చేస్తాయి. మనం చేయగలిగింది లోపలికి పోకుండా చూసుకోవడం: సరైన మాస్కు, చేతి తొడుగులు, బ్లాక్‌లో గాలి ఆడే ఏర్పాటు. వీటిని అడిగే హక్కు కార్మికుడికి ఉంది. ఉపవాసం వాటికి బదులు కాదు.

అపోహ: నాలుగు నిమిషాల కసరత్తు గంట నడకతో సమానం, ఆ తర్వాత రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుంది

ఈ నాలుగు నిమిషాల లెక్క జపాన్ నుంచి వచ్చింది. ఇజుమి తబాటా 1996లో ప్రచురించిన ప్రయోగంలో శిక్షణ పొందిన యువకులు సైకిల్ మీద 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కి, 10 సెకన్లు ఆగి, మళ్లీ తొక్కారు. అలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల్లో వాళ్ల దమ్ము బాగా పెరిగింది. ఆ ప్రయోగం కొలిచింది ఓర్పును, పొట్టను కాదు. నాలుగు నిమిషాలు ఎంత గట్టిగా చేసినా ఖర్చయ్యేది అరవై క్యాలరీలకు అటూ ఇటూ. ఒక చక్కెర చాయ్‌తో అది సరి. తర్వాత కూడా ఒళ్లు కాస్త ఎక్కువ ఖర్చు చేస్తుందన్నది నిజమే, కానీ అది వ్యాయామంలో ఖర్చయినదానిలో 6 నుంచి 15 శాతమే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో 13 ప్రయోగాలను కలిపి చూస్తే, కొవ్వు తగ్గడంలో ఈ తరహా వ్యాయామమూ మామూలు నిలకడ వ్యాయామమూ దాదాపు సమానమే. ఆదా అయ్యేది సమయం, సుమారు 40 శాతం. డ్యూటీ, ఓటీ పోను గంట చిక్కని మనిషికి అది చిన్న లాభమేమీ కాదు. గుండెకూ మేలే.

కానీ పదేళ్లుగా కసరత్తు లేని నలభై ఏళ్ల మనిషి, బీపీ చూపించుకోకుండా, నైట్ డ్యూటీ దిగిన పొద్దున్నే బర్పీలు మొదలుపెట్టకూడదు. జపాన్‌లోనే షిన్షు విశ్వవిద్యాలయం పెద్దవయసు వాళ్ల కోసం తీర్చిదిద్దిన పద్ధతి ఉంది. మూడు నిమిషాలు ఆయాసం వచ్చేంత వేగంగా నడక, మూడు నిమిషాలు నెమ్మదిగా. అలా ఐదుసార్లు, వారానికి నాలుగు రోజులు. మోకాళ్లు పాడవ్వవు, జిమ్ ఫీజు లేదు. మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. దీనికి తోడు వారానికి రెండు రోజులు బస్కీలు, గోడకు ఆనించి దండాలు తీస్తే బరువు తగ్గేటప్పుడు కండ నిలుస్తుంది.

అపోహ: పొట్ట వ్యాయామాలతో పొట్టే తగ్గుతుంది

కాదు. కొవ్వు ఎక్కణ్నుంచి కరగాలో మనం నిర్ణయించలేం.

అపోహ: ప్లాంట్‌లో పొద్దంతా చాకిరీ చేస్తున్నాం, వేరే వ్యాయామం ఎందుకు?

డెన్మార్క్‌లో లక్ష మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2021లో వెలువడింది. తీరిక వేళ కదిలేవాళ్లకు గుండెజబ్బు ముప్పు తక్కువగా, ఉద్యోగంలో బరువులు మోసేవాళ్లకు ఎక్కువగా కనిపించింది. గంటల తరబడి విరామం లేకుండా ఒకే తీరున శ్రమ పడితే గుండెకు కోలుకునే సమయం ఉండదని పరిశోధకుల వివరణ. కాబట్టి బస్తాలు మోసేవాళ్లకు ఇంకాస్త ఎగరమని కాదు, అరగంట నడకా నిండు నిద్రా కావాలని చెప్పాలి. కంట్రోల్ రూమ్‌లో, ప్యాకింగ్‌లో, ఆఫీసులో కూర్చుని పనిచేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లు తప్పనిసరిగా కదలాలి.

అపోహ: తెల్లవారుజామున గాలి శుభ్రం, ఎక్కడ పరిగెత్తినా మంచిదే

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 43 తీవ్ర కాలుష్య ప్రాంతాలను గుర్తించినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం అందులో ఉంది. చలికాలం పొద్దున్నే చల్లగాలి నేలకు అంటుకుని పొగను, వాసనను పైకి పోనివ్వదు. కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలిస్తే, గట్టిగా పరిగెత్తేవాడు అరవై లీటర్లు దాటి పీలుస్తాడు. వాసన ఘాటుగా ఉన్న రోజు ఇంట్లోనే చేసుకోండి. ఎండెక్కి మంచు విడిపోయాక, వాడల గోడల పక్కన కాకుండా ఊరి లోపలి దారుల్లో నడవండి.

ఇక మొదలుపెట్టే ముందు టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలుచుకోండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, బరువు ఎంతున్నా పట్టించుకోవాల్సిందే. ముప్పై దాటినవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు పరీక్ష ఉచితం. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లు డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు. షుగరు మాత్రో, బీపీ మాత్రో వాడుతున్నవాళ్లు ఆ చీటీ పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించి, ఏ మాత్ర ఏ వేళకు మార్చాలో రాయించుకోండి. అప్పటిదాకా ఒక్క పూట కూడా మానొద్దు.