ప్రాసెసరు ఉష్ణోగ్రత: తెరపై అంకెను ఎంతవరకు నమ్మవచ్చును?

వేసవిలో విజయవాడ ఉష్ణోగ్రత ఇంత అని పత్రికలలో చదువుచుందుము. గన్నవరము విమానాశ్రయమువద్ద వాతావరణ శాఖవారి పరిశీలన కేంద్రము కలదు. అట్టి కేంద్రములలో ఉష్ణమాపకమును ఎండలో ఉంచరు. గాలి ఆడుటకు సందులు గల తెల్లని పెట్టెలో, నేలకు ఎత్తుగా, నీడలో ఉంచుదురు. అంకెకు విలువ కలుగవలెనన్న, సాధనము దేనిని కొలుచుచున్నదో, ఏ ఆధారముతో కొలుచుచున్నదో ముందు తెలియవలెను. కంప్యూటరులోని ప్రాసెసరు విషయములోను ఇదే నియమము వర్తించును.

ప్రాసెసరును తయారీదారు నిర్ణయించిన వేగముకంటె ఎక్కువ వేగముతో నడపుటను ఓవర్‌క్లాకింగ్ అందురు. వేగము పెంచినప్పుడు తరచుగా వోల్టేజిని కూడ పెంచవలసివచ్చును. ప్రాసెసరు వినియోగించు విద్యుచ్ఛక్తి ముఖ్యముగా వేగమునకును, వోల్టేజి వర్గమునకును అనులోమానుపాతములో ఉండును. రెండింటిని నూటికి పదివంతున పెంచినచో 1.1 × 1.1 × 1.1 = 1.331 అగును. అనగా పుట్టు వేడి సుమారు మూడవవంతు హెచ్చును. కనుక వేగము పెంచుటకు పూర్వమే ఇప్పటి ఉష్ణోగ్రత సరిగా తెలిసియుండవలెను.

సిలికాన్‌లోని ఉష్ణమాపకము

ప్రాసెసరులో పాదరసము లేదు. సిలికాన్ ముక్కలోనే డయోడు వంటి సూక్ష్మమైన అమరిక ఉండును. దానిగుండా స్థిరమైన విద్యుత్ ప్రవాహమును పంపినప్పుడు, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినకొలది దాని కొనల మధ్య వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. ఈ తగ్గుదలనే అంకెగా మార్చుదురు.

పాఠశాలలో సెంటిగ్రేడు ఉష్ణమాపకమునకు గుర్తులు ఎట్లు పెట్టుదురో విద్యార్థులకు తెలియును. కరగుచున్న మంచు 0, మరుగుచున్న నీటి ఆవిరి 100. ఈ రెండు స్థిర బిందువుల నడిమి దూరమును నూరు భాగములు చేయుదురు. ప్రాసెసరు సంగతి వేరు. ఇంటెల్ వారి కోర్ తరగతి ప్రాసెసర్లలోని సాధనము ఉష్ణోగ్రతను నేరుగా చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకను ఎన్ని డిగ్రీల దూరమున్నదో మాత్రమే చెప్పును. పరిమితి 100, దూరము 40 అయినచో, ప్రోగ్రాము తీసివేత చేసి 60 అని చూపును. అదే ప్రోగ్రాము పరిమితిని 90గా తీసికొనినచో తెరపై 50 కనిపించును. ఇంటెల్ సంస్థ డెస్క్‌టాప్ కోర్ 2 ప్రాసెసర్ల పరిమితులను 2008లో గాని బహిరంగపరచలేదు. అంతవరకు ప్రోగ్రాములు వ్రాసినవారు ఊహపై ఆధారపడిరి.

మరియొక చిక్కు కలదు. ఈ సాధనము పై పరిమితికి సమీపమున బాగుగా పనిచేయును. దానికి దూరమైనకొలది తప్పు పెరుగవచ్చును. కొన్ని పాత ప్రాసెసర్లలో తక్కువ ఉష్ణోగ్రతలవద్ద అంకె కదలక నిలిచిపోవుట కూడ కనబడినది.

ఒక్కొక్కప్పుడు అంకెను కావలెననియే మార్చుదురు. 2017లో వచ్చిన ఎ.ఎం.డి. వారి రైజెన్ 7 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు నిజమైన ఉష్ణోగ్రతకు 20 డిగ్రీలు కలిపి తెలుపును. వేర్వేరు నమూనాలలో ఫ్యాను ఒకే తీరున నడచుటకై చేసిన ఏర్పాటిది. ఇది తెలియని ప్రోగ్రాము 58 చూపినచో నిజము 38 మాత్రమే.

గది గాలి: రెండవ స్థిర బిందువు

పై బిందువును తయారీదారు ఇచ్చును. క్రింది బిందువును మనమే సమకూర్చుకొనవచ్చును. వేడి ఎల్లప్పుడును ఎక్కువ ఉష్ణోగ్రతనుండి తక్కువ ఉష్ణోగ్రతకు ప్రవహించును. కావున ఫ్యానుతో చల్లబడు ప్రాసెసరు గది గాలికంటె చల్లగా ఉండజాలదు.

రాత్రియంతయు కంప్యూటరును ఆపి ఉంచవలెను. ఉదయము, పెట్టెలోనికి గాలి పోవు చోట మామూలు ఉష్ణమాపకముతో కొలువవలెను. పిమ్మట కంప్యూటరును నడిపి, ఏ పనియు చెప్పక, కొన్ని నిమిషములైన తరువాత ప్రోగ్రాము చూపు అంకెను వ్రాసికొనవలెను. అది గదికంటె కొద్ది డిగ్రీలు మొదలు పది, పదిహేను డిగ్రీలవరకు ఎక్కువగా ఉండుట సహజము. బయాస్ తెరపై ప్రాసెసరు పూర్తిగా విశ్రాంతి పొందదు. అచ్చట మరికొంత ఎక్కువ కనిపించుట దోషము కాదు.

మే నెలలో గది 34 డిగ్రీలుండగా తెరపై 27 కనిపించినచో ఆ అంకె తప్పని నిశ్చయింపవచ్చును. 65 కనిపించినచో రెండు కారణములుండవచ్చును: అంకెలో స్థిరమైన కలుపు ఉండవచ్చును, లేదా వేడిని తీసికొనిపోవు లోహపు దిమ్మ ప్రాసెసరుకు సరిగా ఆనక, నడిమి లేపనము ఎండిపోయి, నిజముగనే వేడి ఎక్కువై ఉండవచ్చును. ప్రాసెసరుకు బరువైన పని ఇచ్చి చూచినచో భేదము తెలియును. కలుపు అన్ని స్థితులలోను ఒకే తీరున ఉండును. దిమ్మ ఆనకపోయినచో పనితోపాటు అంకె కొన్ని క్షణములలోనే పైకి దుముకును. పని ఆపగనే వెంటనే పడిపోవును.

తప్పు ఎట్లు పెరుగును?

జనవరిలో గది 25 డిగ్రీలు, పూర్తి పనిలో ప్రాసెసరు 65 డిగ్రీలు అనుకొందము. గదికంటె హెచ్చు 40. పైన చెప్పినట్లు వేగమును, వోల్టేజిని పెంచినచో ఆ హెచ్చు సుమారు 53 అగును. మే నెలలో గది 38 డిగ్రీలైనచో ప్రాసెసరు 91 డిగ్రీలకు చేరును. పరిమితి 100 గనుక భయము లేదని తోచును. కాని తెరపై అంకె 10 డిగ్రీలు తక్కువ చూపినదైనచో, అసలు హెచ్చు 50, అది 66.5 అగును. మే నెలలో 104.5! పది డిగ్రీల తప్పు పదమూడుకు పైగా పెరిగినది, పరిమితి దాటినది.

ఇప్పటి ప్రాసెసర్లు పరిమితి చేరగనే తమంతట తామే వేగము తగ్గించుకొనును. మరియు వేడెక్కినచో ఆగిపోవును. కనుక వెంటనే కాలిపోవుట అరుదు. అయినను ఆశించిన వేగము దక్కదు. లెక్కలలో తప్పులు దొర్లవచ్చును. ఎడతెగని వేడివలన ఆయువు తగ్గును. శీతకాలమున కుదిరిన అమరికను వేసవిలో తిరిగి పరీక్షింపవలెననుట కూడ దీనివలన తేలుచున్నది.

ఈ పరీక్షకు వేగమును మార్చనక్కరలేదు గనుక ఉపాధ్యాయులు దీనిని పాఠశాల కంప్యూటరుపై చేయింపవచ్చును. గది ఉష్ణోగ్రత, విశ్రాంతిలో అంకె, పనిలో అంకె అను మూడు వరుసలతో వారమురోజులు పట్టిక వ్రాయించి, గది ఒక డిగ్రీ మారినప్పుడు మిగిలిన రెండును ఎంత మారుచున్నవో విద్యార్థులచేతనే లెక్క కట్టించవలెను. ఇంచుమించు ఒక డిగ్రీ మారవలెను. అట్లు మారనిచో ఆ సాధనమును, ప్రోగ్రామును శంకింపవలెను.